బావ కోసం లెన్సు వెతికిన ఏడాది

రిటైరయ్యాక నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్న గురించి. పక్షులు తియ్యాలి, క్రికెట్టూ తియ్యాలి, ఒక్క జూమ్ లెన్సే కొనగలను, ఏది కొనమంటారు సార్ అని. నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఎంత దూరంలో నిలబడతావు, ఏ పూట తీస్తావు, ఎంత బరువు మొయ్యగలవు. వాళ్ళు ఓపిగ్గా జవాబు చెప్పి, నా సలహా అంతా విని, ముందే మనసులో పెట్టుకున్నది కొనుక్కుంటారు. వాళ్ళ వయసులో నేనూ అదే చేశాను కాబట్టి నాకేం కోపం రాదు.

ఫోను పెట్టేశాక మాత్రం, ఉద్యోగంలో ఉండగా ఒక లెన్సు కోసం దాదాపు ఏడాది పాటు తిరిగిన సంగతి గుర్తొస్తుంది. చివరికి ఎంచుకున్నది మంచి లెన్సే. ఇప్పుడు ఎవరడిగినా ఆ రకాన్నే చెబుతాను. అది ఎవరికోసం కొన్నామో ఆ మనిషికి మాత్రం అక్కరకు రాలేదు. కెమెరా పట్టిన పిల్లలు చదువుతారని ఆ సంగతి రాస్తున్నాను.

నేను విశాఖలో ఒక తెలుగు పత్రికకి ఫొటో డెస్కు చూసేవాణ్ణి. చాలా ఏళ్ళు బయట కెమెరా మోసి, నడుం మొరాయించాక కుర్చీకొచ్చాను. నేను తప్పుకున్నాక బయట పెద్ద దిక్కు బావ. మాకు చుట్టరికం లేదు. వాళ్ళది జాలరిపేట, సముద్రం మీద బతికిన ఇల్లు. మాది చర్చి పక్కన కాపురముండి, ఒకరు టీచరుగా, ఒకరు నర్సుగా, ఒకరు పోర్టులో గుమస్తాగా స్థిరపడిన ఇల్లు. మా ఊళ్ళో ఒక ఈడు మగాళ్ళు ఒకళ్ళకొకళ్ళు బావలే. అలా మేమూ అయ్యాం.

బావ పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు. తండ్రి, అన్నలు ఎంత తీసుకెళ్ళినా ఆగలేదు. ఆఖరికి ఇంట్లోవాళ్ళు విసిగి ఒక స్టూడియోలో పడేశారు. ఒడ్డున నిలబడి పడవల్ని చూస్తూ పెరిగిన కళ్ళు కాబోలు, దూరం వస్తువు మీద ఆ చూపు అసాధారణం. బీచ్ రోడ్డు మీద టీ తాగుతూ, హార్బరులోకి పిలుపు కోసం ఎదురుచూసే ఓడల పేర్లు చదివి చెప్పేవాడు. మేం నమ్మక కెమెరాలోంచి చూసేవాళ్ళం. అతను చెప్పిన పేరే ఉండేది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కడికీ ఈ పరీక్ష చూపించడం మాకో సరదా. ఆ కళ్ళ మీద మాకెవరికీ అనుమానం రాకపోవడానికి ఆ ఓడల పేర్లు కూడా ఒక కారణం.

మొదట వచ్చింది అంచుల గొడవ. బావ తీసిన ఫొటోలో అంచులు కడిగినట్టుండేవి. అక్కర్లేని చెయ్యి, సగం తెగిన బుర్ర, కరెంటు స్తంభం ఏదీ ఉండేది కాదు. ఎప్పట్నించో సరిగ్గా చెప్పలేను గానీ, ఆ ఫొటోల్లో మనుషులు సరిగ్గా మధ్యలోకి రావడం మొదలైంది. చుట్టూ చెత్త చేరింది. నేను కంప్యూటర్లో నాలుగు వైపులా కోసేసి పేజీకి పంపేవాణ్ణి. డెస్కు మీద ఉన్నవాడి పనే అది కదా. ఒకసారి అడిగితే, కొయ్యడానికి నువ్వున్నావు కదేటి అని నవ్వేశాడు. నేనూ నవ్వాను.

తర్వాత అందాల్సిన క్షణాలు అందకుండా పోవడం మొదలైంది. బౌండరీ దగ్గర ఫీల్డరు గాల్లోకి లేచి పట్టిన క్యాచ్ మిగతా పత్రికలన్నిట్లో వచ్చింది, మాకు మాత్రం రాలేదు. చెరువు మీద కొంగ లేస్తే బావ కెమెరాలో ఉత్త నీళ్ళు మిగిలాయి. లెన్సు అయిపోయింది బావ, జూమ్ రింగు తిరగట్లేదు అనేవాడు. అది అబద్ధం కాదు. ఆ లెన్సు చాలా పాతది. సముద్రపు ఉప్పూ, స్టీల్ ప్లాంటు వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ పట్టే ధూళీ కలిసి రింగు గరగరలాడేది. కాబట్టి నేను పూర్తిగా నమ్మాను. తప్పు ఒక వస్తువులో కంటికి కనిపిస్తుంటే మనిషి వైపు ఎవరు చూస్తారు?

నేనే వెళ్ళి మా ఎడిషన్ ఇన్‌ఛార్జి దగ్గర కూర్చున్నాను. ఆయన మంచివాడే గానీ, కెమెరా సామానంటే ఆయనకి భయం. హైదరాబాదు హెడ్డాఫీసుని ఒప్పించి తెప్పిస్తాను, కానీ స్పోర్ట్సు పేజీకీ, ఆదివారం వేసే పక్షుల పేజీకీ కలిపి ఒకటే, మళ్ళీ అడక్కూడదు, బాగా చూసి ఎంచండి అన్నాడు. ఆ మాట మాకు పండగ. ఇద్దరు నడివయసు మగాళ్ళకి బొమ్మ కొనిస్తామన్నట్టు అయింది.

ద్వారకానగర్‌లో మాకు తెలిసిన కెమెరా షాపాయన లెన్సులు ఒకదాని తర్వాత ఒకటి వాడి చూడమని ఇచ్చేవాడు. మా ముందు మూడు దార్లున్నాయి. ఒకటి పొట్టి జూమ్. వెలుతురు బాగా తీసుకుంటుంది, సాయంత్రం ఆటలకి రాజు, కానీ పక్షి అందదు. రెండోది జూమ్ లేని పొడుగు లెన్సు. ఉన్నది ఒకటే దూరం, కానీ ఈకల మీద గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మూడోది నూట యాభై మిల్లీమీటర్ల నుంచి ఆరొందల దాకా సాగే పొడుగు జూమ్. అంకె పెరిగేకొద్దీ దూరం దగ్గరవుతుంది, చుట్టూ కనిపించేది తగ్గుతుంది. వెలుతురు తక్కువ తీసుకుంటుంది, బరువెక్కువ, కానీ రెండు పన్లూ చేస్తుంది. నా మొగ్గు రెండోదాని మీద. మంచి ఫొటో తర్వాతే సౌకర్యం అని డెస్కు మీద కూర్చున్నవాడు సులభంగా అనగలడు.

ఆదివారం ఆరాధన అవగానే నేను చర్చి నుంచి నేరుగా వచ్చేవాణ్ణి, బావ జాలరిపేట మలుపులో ఎక్కేవాడు. ఫిషింగ్ హార్బర్లో గద్దల మీద ఒకటి పరీక్షించాం. ఒక స్కూలు గ్రౌండులో ఆడపిల్లల ఫుట్‌బాల్ మీద ఇంకోటి. అలా నెలలు గడిచాయి. నాకు నిజంగా సంతోషంగా ఉండేది. పని పేరుతో మళ్ళీ బయట తిరుగుతున్నాను, పక్కన బావ ఉన్నాడు. ఇప్పుడు వెనక్కి తలుచుకుంటే ఆ సంతోషమే గుచ్చుకుంటుంది.

పక్షులు వాలే చెరువు, కొండకర్ల ఆవకి వెళ్ళిన రోజు బాగా గుర్తు. తాటిదోనెలో కూర్చుని నీళ్ళ మధ్యకి వెళ్ళాం. బావ చేతిలో నాకిష్టమైన జూమ్ లేని లెన్సు. తామరాకుల మీంచి పక్షులు లేచినప్పుడల్లా కెమెరా ఎత్తుతాడు, వెతుకుతాడు, దించేస్తాడు. అదిగో కుడిపక్క అని నేను చూపిస్తే కళ్ళు తిప్పకుండా మెడంతా తిప్పి చూసేవాడు. కాసేపటికి విసుగొచ్చి కెమెరా నా ఒళ్ళో పెట్టేశాడు.

"దీన్లోంచి సూత్తే ఆకాశం తప్ప ఏటీ అగుపడదు బావ. పిట్ట ఎక్కడుందో ముందు తెలవాల గదా. జూమయితే ఎడల్పుగా ఎతుక్కుని, దొరికాక దగ్గరికి లాక్కోవచ్చు."

ఎంత తెలివైన మాట అనుకున్నాను. నిజంగానే అది తెలివైన మాట. ఎగిరే పక్షికీ, పరిగెత్తే మనిషికీ జూమ్ ఎందుకు మేలంటే ఇవాళ్టికీ నేను చెప్పే కారణం అదే. నా పట్టు వదిలేసి, మూడో లెన్సే కొందామని ఇన్‌ఛార్జికి చెప్పాను. బావ మాటల్నే నా మాటలుగా వివరించాను. ఎదుట ఉన్న పక్షి నాకు తేలిగ్గా ఎందుకు దొరుకుతోంది, ఇన్నేళ్ళ చెయ్యి తిరిగినవాడికి ఎందుకు దొరకట్లేదు అని మాత్రం ఒక్కసారి కూడా నాలో నేను అనుకోలేదు.

నేను పట్టించుకోనివి ఇంకా ఉన్నాయి. ఆవ దగ్గర దోనె దిగేటప్పుడు గట్టు పక్కన అడుగేసి మోకాలి దాకా బురదలో దిగాడు. ఆఫీసు క్యాంటీన్లో పక్కనున్న టీ గ్లాసులు తగిలి పడిపోయేవి. చీకటి పడ్డాక బండి నడపడం మానేసి ఆటోలో వస్తున్నాడు. ఎదురు లైట్లు కళ్ళలో పొడుస్తన్నాయి అన్నాడు. మాకందరికీ పొడుస్తాయి కదా.

బావ చెల్లెలు పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. నేనెప్పుడు వెళ్ళినా మంచి ముక్క తీసి ఇస్తుంది. ఒకరోజు ఆవిడ చేపని శుభ్రం చేస్తూ, తల ఎత్తకుండా అంది.

"మా అన్నయ్య పెద్దోడైపోనాడు బాబూ. బుట్ట ఎత్తుకుని పక్కనే నడుత్తన్నా పలకరించడు. అందరి ముందూ సేపలమ్మేదాన్ని సెల్లెలని సెప్పుకోడానికి నామోషీ ఏమో."

ఆ సాయంత్రం ఆఫీసులో ఈ మాట చెప్పి బావని ఏడిపించాను. అతను నవ్వలేదు. నాను సూళ్ళేదు, ఒట్టు, ఎప్పుడు ఎల్లిందది అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. మర్నాడు చెల్లెలి ఇంటికి వెళ్ళి బతిమాలుకున్నాడని తర్వాత తెలిసింది. అన్నాచెల్లెళ్ళ అలక అనుకుని నేను మర్చిపోయాను.

కొత్త లెన్సు వచ్చింది. డబ్బా విప్పినప్పుడు ఆఫీసంతా చుట్టూ మూగింది. బావ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. ఇంక ఒక్కటీ వదలను బావ అన్నాడు.

దాని మొదటి పని మధురవాడ వైపు స్టేడియంలో ఒక పెద్ద మ్యాచ్. చాలా రోజులుగా బయటికి రాని నేను కూడా లెన్సు ఎలా పనిచేస్తుందో చూద్దామని బావ వెంట వెళ్ళాను. మధ్యాహ్నం ఆట. ఆట మొదలవక ముందు ఆటగాళ్ళు క్యాచ్‌లు ప్రాక్టీసు చేస్తున్నారు. మేం ఫొటోగ్రాఫర్లమంతా తాడు బయట వరసగా సర్దుకుంటున్నాం. బావ కెమెరా ఇంకా ఎత్తలేదు. లెన్సుని ఒంటికాలి స్టాండు మోనోపాడ్‌కి బిగిస్తూ మైదానం మధ్యకి చూస్తున్నాడు.

ఎడమ పక్క నుంచి ఒక బంతి వచ్చింది. దారి తప్పిన బంతే గానీ మెరుపులాంటిదేం కాదు. అందరం చూశాం, అందరం పక్కకి జరిగాం. ఎవరో అరిచారు కూడా. బావ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ముఖంలో ఏ కదలికా లేదు. బంతి చెవి పైన తగలగానే అలాగే కూలబడిపోయాడు. పడుతూ కూడా లెన్సుని పొట్టకి అదుముకున్నాడు. దానికి గీత పడలేదు.

మైదానం డాక్టరు కుర్రవాడు. బావని నీడలో కూర్చోబెట్టి, దెబ్బ చూసి, పెద్దదేం కాదన్నాడు. తలకి తగిలింది కాబట్టి అలవాటు ప్రకారం వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. ఎదురుగా పెట్టినంతసేపూ బావ సరిగ్గా చెప్పాడు. డాక్టరు ఆ వేళ్ళని పక్కకి జరిపాడు. బావ ఏమీ అనలేదు. డాక్టరు వేళ్ళు ఆడించాడు. మీరు మొదలెట్టండి డాక్టరుగారూ అన్నాడు బావ.

ఆ క్షణం అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. బురదలో కాలు, టీ గ్లాసులు, పూర్ణా మార్కెట్లో చెల్లెలు, నేను రోజూ కోసి పారేసిన అంచులు. డాక్టరు రెండో పక్క కూడా చూసి, నన్ను కాస్త దూరం తీసుకెళ్ళాడు. ఇది ఇవాళ్టి దెబ్బ వల్ల వచ్చింది కాదండీ, వెంటనే కళ్ళ డాక్టరుకి చూపించండి అన్నాడు. వెనక్కి వచ్చేసరికి బావ లెన్సు తుడుస్తున్నాడు. నువ్వు తీసెయ్ బావ, నాకు తల తిరుగుతంది అని కెమెరా నాకిచ్చాడు. ఆ రోజు ఆటంతా నేనే తీశాను. ఎక్కడో అవతలి బౌండరీ దగ్గర పట్టిన క్యాచ్ ఫీల్డరు వేలి మీద కట్టుతో సహా దొరికింది. మర్నాడు మొదటి పేజీలో వేశారు. లెన్సు అద్భుతం అని ఇన్‌ఛార్జి మెచ్చుకున్నాడు.

సీతమ్మధారలో కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చీకటి గదిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుతురు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నన్నూ లోపలే ఉండనిచ్చారు. చుక్కలు వస్తూనే ఉన్నాయని ఆ యంత్రం నడిపే అమ్మాయి ముఖం చూస్తే తెలుస్తోంది. బావ బొటనవేలు మాత్రం బటన్ మీద కదలకుండా ఉంది. తరవాతి చుక్క కోసం ఎంతో శ్రద్ధగా, ఊపిరి బిగబట్టి, క్యాచ్ కోసం కాచుకున్నట్టే కూర్చున్నాడు.

నీటికాసులు, గ్లాకోమా అంది డాక్టరమ్మ. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, ఎరుపు లేకుండా నరం ఎండిపోతూ వస్తుంది. చూపు పక్కల నుంచి పోతుంది. మధ్యలో చూపు చివరిదాకా బాగానే ఉంటుంది, అందుకే దూరం బోర్డులు చదువుతారు, ఎవరికీ అనుమానం రాదు. పోయింది తిరిగి రాదు. చుక్కల మందు జీవితాంతం వేసుకుంటే ఉన్నది నిలబడొచ్చు.

"ఓ ఏడాది ముందొచ్చుంటే?" అని అడిగాను.

ఆవిడ నావైపు చూసి, బావవైపు చూసి, నెమ్మదిగా చెప్పింది. "ఇంకొంచెం మిగిలేది."

అంతే. ఆవిడ ఎవరినీ నిందించలేదు. ఆ ఏడాదంతా మేం ఎక్కడ తిరిగామో ఆవిడకి తెలియదు కూడా.

బయట మెట్ల మీద కూర్చున్నాం. కంట్లో మందు వేశారేమో, బావ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేనేదో అనబోతే ఆపి, తనే మాట్లాడాడు.

"నల్లగా అగుపడతాదనుకుంటారు గదా బావ. నలుపూ లేదు, ఏటీ లేదు. లేదన్న సంగతే తెల్దు. నా కన్నే ఇప్పుడు ఆరొందల లెన్సు. ఎనక్కి తిప్పడానికి రింగు లేదు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అతను నా భుజం తట్టి, ఎలిపోదాం, ఆకలేత్తంది అన్నాడు.

తర్వాత జరిగింది త్వరగానే చెప్పేస్తాను. బయట పని ఆపెయ్యాల్సి వచ్చింది. ఇన్‌ఛార్జి పెద్దమనసు చేసుకుని నా పక్క కుర్చీ వేయించాడు. ఫొటోలు ఎంచడంలో బావని మించినవాడు లేడు. కాకపోతే తెర మీద బొమ్మని ఒక్కసారిగా చూడలేక, పేజీ చదివినట్టు ఆ చివర నుంచి ఈ చివరకి తల తిప్పుతూ చూసేవాడు. అంచుల దగ్గరికి రాగానే ఆగి, ఇక్కడేదైనా చెత్త ఉందా బావ అని నన్నడిగేవాడు. ఉంటే ఉందని చెప్పేవాణ్ణి. కొత్త కుర్రాళ్ళు ఆ లెన్సుతో మంచి మంచి బొమ్మలు తెచ్చి ముందు బావకే చూపించేవాళ్ళు. అతను మెచ్చుకునేవాడు. కొన్నాళ్ళకి మానేశాడు. ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు సంచీ భుజాన వేసుకుని, ఇంక ఇంటికాడుంటాను బావ అన్నాడు. నేను రిటైరయ్యే రోజున ఆ లెన్సుని తుడిచి, డబ్బాలో పెట్టి, ఆఫీసుకి అప్పజెప్పి వచ్చాను.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఇది కుటుంబాల్లో నడుస్తుంది, తోడబుట్టిన వాళ్ళందర్నీ చూపించమని. బావ తండ్రి ముసలితనంలో గోడ పట్టుకుని నడిచేవాడు. అందరూ శుక్లాలనుకున్నారు. అన్నలు సముద్రం మీద ఉన్నారు, ఒడ్డుకొచ్చినప్పుడు ఒక్కొక్కర్నీ పట్టుకుని తీసుకెళ్ళాం. వాళ్ళకేం లేదు. చెల్లెలు రానంది. పొద్దున్నే బుట్ట ఎత్తేదాన్ని, నా కళ్ళకేం రోగం అంది. బావ ఆవిడ గుమ్మం ముందు కూర్చుని, నువ్వొచ్చేదాకా లేవను అన్నాడు. తీసుకెళ్తే ఆవిడకీ మొదలైందని తేలింది. ఇంకా కొంచెమే పోయింది. రోజూ మందు వేసుకుంటే చాలన్నారు.

అన్నాచెల్లెళ్ళు ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటారు, అక్కడికి అప్పుడప్పుడూ వెళ్తుంటాను. మొన్న ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆవిడ మార్కెట్ నుంచి అప్పుడే వచ్చింది. బావ పక్కనే నిలబడి చీర కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఆవిడ వచ్చినట్టు బావకి తెలీదు. మాట్లాడాకే తల తిప్పాడు. కుశలం అయ్యాక నా వైపు చూసి, అన్నయ్యని ముందే సూపించుంటే బాగుణ్ణు గదా బాబూ అంది. నింద లేదు ఆ గొంతులో. వాన పడుంటే బాగుణ్ణు అన్నట్టే అంది. అవునమ్మా అన్నాను. ఎన్ని లెన్సుల గురించి ఎంతమందికి ఎంతసేపు వివరించానో లెక్కలేదు. ఆవిడకి చెప్పడానికి మాత్రం ఆ ఒక్క మాటే ఉంది.

బావ మా మాట వినిపించుకోనట్టు, మందేసుకున్నావా అని చెల్లెల్ని అడిగాడు. ఏసుకున్నానంది. నా ముందెయ్యి అన్నాడు. ఆవిడ విసుక్కుంటూ లోపలికెళ్ళి సీసా తెచ్చి, ఎదురుగా కూర్చుని, తల వెనక్కి వాల్చి రెండు కళ్ళలోనూ వేసుకుంది. మధ్యలో మిగిలిన చూపూ మసకబారింది, అంత చిన్న చుక్క పడిందో లేదో చూడ్డం ఇప్పుడు బావ వల్ల కాదు. అందుకని చెయ్యి చాచి, తడుముకుంటూ ఆవిడ ముఖం అందుకుని, ఒక చెంప మీద, తర్వాత రెండో చెంప మీద వేలు పెట్టి చూశాడు. రెండూ తడిగా ఉన్నాయని తెలిశాక చెయ్యి తీశాడు.